అమ్మకి ఉప్పు తగలకూడదు

...చంపలేదు, సరే. కానీ అది చావాలని అనుకోలేదా? ఏ మూలో, ఒక్క క్షణమైనా? అనుకోలేదని గట్టిగా చెప్పగలదా తను?

వంటగట్టు ముందు నిలబడి ఆమె ఈ ప్రశ్ననే ఇందాకటినుంచి అటు తిప్పీ ఇటు తిప్పీ చూసుకుంటోంది. జాడీ మీది గుడ్డ తీసింది, కప్పింది, మళ్ళీ తీసింది. పిండి అడుగున బూడిదరంగుకి తిరిగి చదునుగా పడి ఉంది. పైన పలచటి నీటి పొర. ఒక్క బుడగ లేదు.

మొన్నటిదాకా అది ఊపిరి తీసుకునేది. సాయంత్రం కాస్త పిండీ కాసిని నీళ్ళూ పెడితే తెల్లారేసరికి జాడీ మెడదాకా ఉబ్బి, కప్పిన గుడ్డని నెత్తిన పెట్టుకుని కూర్చునేది. గుడ్డ తీస్తే గుప్పుమని పుల్లటి వాసన, పచ్చి ఆపిలు కొరికినట్టు. ఎంత కడిగినా వేళ్ళని వదిలేది కాదు. బస్సులో పక్కన కూర్చున్న మనిషికి తెలుస్తుందేమోనని ఆమె చేతులు ముడుచుకునేది.

ఇప్పుడు ఆ వాసన లేదు. లేకపోవడం ఆమెకి కాస్త హాయిగా ఉంది. ఆ హాయిని చూసుకుంటేనే భయం వేస్తోంది.

ముందుగదిలో వదిన ఫోన్‌లో ఎవరితోనో గొంతు తగ్గించి మాట్లాడుతోంది. తగ్గించింది వినబడాలనే. పోయేవాళ్ళు పోతారు, మా అమ్మ గతేంటి అన్న ముక్క తలుపు సందులోంచి నేరుగా వంటింట్లోకి వచ్చి పడింది.

వదిన ఆమె భర్తకి అక్క. పెద్దాసుపత్రిలో హెడ్ నర్సు. ఒక వార్డు మొత్తాన్ని కనుసైగతో నడిపే మనిషి. ఈ ఇంటికి వచ్చినప్పుడు కూడా ఆ కళ్ళని ఆసుపత్రిలో వదిలి రాదు. పొద్దున్నే పండగ రొట్టెకి సాయం చేద్దామని వచ్చి, జాడీ గుడ్డ ఎత్తి చూసి, గుడ్డని మళ్ళీ సరిగ్గా కప్పింది. తర్వాత చాలా నెమ్మదిగా అంది.

"పోదలుచుకుంటే పోవాలి గానీ, పోతూ పోతూ అమ్మని చంపడం ఎందుకమ్మా?"

రొట్టెని పొంగించడానికి జాడీలో పెంచే ఈ పులిసిన పిండిని ఈ ఇంట్లో అమ్మ అంటారు. పెళ్ళయిన కొత్తలో భర్త పనిలోంచి ఫోన్ చేసి అమ్మకి పెట్టావా అని అడిగితే, ఆమె అత్తగారి భోజనం గురించి అనుకుని, ఆవిడ తిని పడుకున్నారండీ అంది. అతను ఫోన్లోనే పడి పడి నవ్వాడు. ఆ అమ్మ కాదు, జాడీలో అమ్మ అన్నాడు. ఆ జోకు ఏడాదిపాటు చుట్టాలందరి నోళ్ళలో నానింది. చివరికి ఆమె కూడా నవ్వడం నేర్చుకుంది.

ఆ పిండి అత్తగారికి వాళ్ళత్తగారు ఇచ్చింది. ఆవిడకి ఎవరిచ్చారో ఎవరికీ గుర్తులేదు. క్రిస్మస్ రోజుల్లో వీధిలో ప్రతి ఇంట్లోనూ తీపే, ఈ ఇంట్లో మాత్రం ఉల్లిపాయ రొట్టె. వెన్నలో ఎర్రగా వేగిన ఉల్లిపాయలు, దంచిన మిరియాలు, వెల్లుల్లి. వాటిని పిండి మడతల్లో దాచి, మూడు పాయలు తీసి, జడలా అల్లి కాలుస్తారు. కేకులు తిని తిని నోరు చచ్చిపోయింది, ఆ రొట్టె ముక్క ఉంటే పెట్టండి అంటూ జనం వస్తారు. అత్తగారు గుమ్మంలో కుర్చీ వేసుకుని కోసి పెడుతుంది. ఏడాదంతా ఆవిడ ఎదురుచూసేది ఆ కుర్చీ కోసమే.

అమ్మ విషయంలో అత్తగారు నేర్పిన నియమాలు కొన్నే. వాసన చూడాలి, రుచి చూడకూడదు; అమ్మని ఎవరూ నోట్లో పెట్టుకోరు. రొట్టెకి పిండి కలిపాక ముందు గుప్పెడు తీసి జాడీలో వేసి, ఆ తర్వాతే మిగతాదానికి ఉప్పు వేయాలి. అమ్మకి ఉప్పు తగలకూడదు. తగిలిందా, ఇక లేవదు. ఒకసారి ఉప్పు డబ్బా జాడీ పక్కన పెట్టినందుకే ఆవిడ ఆమె చేతి మీద ఫట్‌మని కొట్టింది. తర్వాత సిగ్గుపడి ఆ చేతినే నిమిరింది.

ఆ చేతికి ఇంకో పని దొరికిందని నిన్న ఇంట్లో అందరికీ తెలిసిపోయింది.

పెళ్ళికి ముందు ఆమె బట్టల కార్ఖానాలో కటింగ్ సెక్షన్‌లో పనిచేసేది. బల్ల మీద గుడ్డ పొరలు పొరలుగా పరిచి, సుద్దగీత వెంట కత్తి నడిపించే పని. ఆ గీత తప్ప లోకంలో ఏమీ ఉండని ఆ కాసేపు తనకి ఎంత ఇష్టమో ఆమె ఎవరికీ చెప్పలేదు. అలాంటి పనే రైల్లో వెళ్ళాల్సినంత దూరంలో మరో ఊళ్ళో దొరికింది. కొత్త సంవత్సరం రాగానే చేరాలి. వస్తానని ఆమె ఫోన్లో మాట ఇచ్చేసింది. సరేలే, ముందు నువ్వు వెళ్ళు, తర్వాత నేను బదిలీ చూసుకుంటా అని భర్త కూడా అన్నాడు, ఎటో చూస్తూ. పండగ అయ్యాక అమ్మకి చెబుదాం అన్నాడు. నిన్న అన్నం తింటూ నోరు జారింది కూడా అతనే.

అత్తగారు అప్పుడు తినడం ఆపేసింది. కంచంలో వేలితో గీతలు గీస్తూ కూర్చుంది. ఈ మధ్యాహ్నం నుంచి గది తలుపు వేసుకుని ఉంది.

పొద్దున ఎందుకైనా మంచిదని ఆమె ఆ చచ్చిన పిండితోనే రొట్టెకి కలిపి పొయ్యి పక్కన వెచ్చగా పెట్టింది. ఇప్పుడు గుడ్డ తీసి వేలితో నొక్కింది. బతికిన పిండి అయితే పడ్డ గుంటని మెల్లగా పూడ్చుకుంటుంది. ఇది పూడ్చుకోలేదు. వేలి ముద్ర అలాగే ఉండిపోయింది, ఎవరో కావాలని వేసినట్టు.

ఉల్లిపాయలు తరిగి పెట్టి ఉన్నాయి. ఏం చేయాలో తోచక వాటినే వెన్నలో వేసింది. కాసేపటికి ఇల్లంతా పండగ వాసన. రొట్టె లేని పండగ వాసన. ముందుగదిలో వదిన మాటలు ఒక్క క్షణం ఆగాయి.

నువ్వే చేశావు అని ఎదుటివాళ్ళు గట్టిగా అంటే, చేయనివాడికి కూడా చేసినట్టు గుర్తుకొస్తుందేమో. మొన్న సాయంత్రం నీళ్ళు మరీ వేడిగా పోశానా? గుడ్డ కప్పడం మర్చిపోయానా? నిన్న రైలు వేళలు ఆలోచిస్తూ దాని ముందు నిలబడ్డప్పుడు, నువ్వు లేకపోతే నేను ఎప్పుడో వెళ్ళిపోయేదాన్ని అని అనుకుంది. అది నిజం. కానీ ఆ మాట జాడీతో అందా, గోడ అవతల పడుకున్న మనిషితో అందా? ఆమెకి తెలియలేదు. ఒకే పేరు పెట్టుకుంటే ఇదే చిక్కు.

జాడీలో వేలు పెట్టి కలిపింది. కింద ఏమైనా కదులుతోందేమోనని. ఏమీ కదల్లేదు. ఆమెకి ఒక అలవాటు ఉంది, కార్ఖానా రోజులది. ఆలోచనలో పడితే గుడ్డ పొరలు విడదీయడానికి తడుపుకుంటున్నట్టు వేళ్ళు వాటంతట అవే నోట్లోకి పోతాయి. ఇప్పుడూ పోయాయి.

నాలుక ముడుచుకుపోయింది.

ఉప్పు. అదీ చిటికెడు కాదు, గుప్పెడు. ఉప్పునీళ్ళలో ముంచి తీసినట్టు ఉంది. ఆమె పంపు దగ్గరికి వెళ్ళి పుక్కిలించి ఉమ్మి, గోడ పట్టుకుని నిలబడింది. నేను కాదు అన్న మాట మొదట లోపల్నుంచి నవ్వులా పొంగింది. ఎప్పటికో ఒకసారి తప్ప రాని నవ్వు. దాని వెనకాలే మరో ప్రశ్న వచ్చి నిలబడింది. మరి ఎవరు?

వదిన పొద్దున్నే వచ్చింది, అప్పటికే పిండి పడిపోయి ఉంది. భర్తకి ఉప్పు డబ్బా ఏ అరలో ఉంటుందో కూడా తెలియదు.

అత్తగారికి సూపు ఇచ్చే వేళ అయింది. ఆమె గిన్నెలో పోసి, చెంచా వేసి, తలుపు తట్టకుండా తోసింది.

అత్తగారు మంచం మీద కూర్చుని ఉతికిన చేతిరుమాళ్ళు మడత పెడుతోంది. మడత పెట్టినవి విప్పి మళ్ళీ మడత పెడుతోంది. సూపు తాగండి అత్తయ్యా అంటే తల ఎత్తలేదు. ఆమె పక్కనే స్టూలు మీద కూర్చుంది. మౌనంగా ఉండటంలో ఇద్దరూ ఆరితేరినవాళ్ళే. ఒకరి మౌనంలో కోపం ఎంత, అలసట ఎంత అన్నది రెండోవాళ్ళకి తెలుస్తుంది. కానీ ఇవాళ్టి మౌనం ఆమెకి అంతు పట్టలేదు. అందులో కోపం లేదు.

ఆవిడే గిన్నెలోకి చూసి అడిగింది.

"ఉప్పుందా?"

"లేదండీ. వదిన వద్దన్నారుగా."

ఆవిడకి రక్తపోటు. ఉప్పు పూర్తిగా మానిపించాలని మొన్న ఎండాకాలంలో వదినే ఖాయం చేసింది. ఫోన్ చేసినప్పుడల్లా అదే మాట. అమ్మకి ఉప్పు తగలకూడదు, గుర్తుందా?

అత్తగారు ఒక చెంచా తాగి మొహం చిట్లించింది.

"దానికి పెట్టావా?"

"దేనికి అత్తయ్యా?"

"అమ్మకి."

ఆమె పెట్టానండీ అంది.

"చప్పిడేనా?"

ఆమె గిన్నెని ఇంకాస్త దగ్గరికి జరిపింది.

"పాపం," అంది అత్తగారు, రుమాలు మోకాలి మీద సాపు చేస్తూ. "దానికీ చప్పిడే. పొద్దస్తమానం మీకందరికీ ఒకటే పాట. అమ్మకి ఉప్పు తగలకూడదు, అమ్మకి ఉప్పు తగలకూడదు. అది నోరు తెరిచి అడగలేదుగా. నేనే వేశాను ఓ గుప్పెడు. కడుపునిండా తిననీ."

అంటూ తలుపు వైపు చూసి, గొంతు తగ్గించి, చిన్నపిల్లలా ఆమె మోచేతిని పట్టుకుంది. "మీ వదినకి చెప్పకు. డాక్టరుకి చెప్పేస్తుంది."

ఇది హాస్యమేమోనని ఆమె ఆ మొహం వంకే చూసింది. అత్తగారికి నవ్వకుండా నవ్వించడం తెలుసు. మూతి కొస ఎక్కడైనా కదులుతుందేమోనని వెతికింది. లేదు. నిండా జాలి ఉంది, జాడీ మీద.

"అత్తయ్యా, జాడీలో ఉన్నది పిండండీ."

ఆవిడ చటుక్కున తల ఎత్తింది. కళ్ళలో పాత పదును. "పిండని నాకు తెలియదా? నాకే చెబుతున్నావా?" అని ఒక్క క్షణం ఆగి, రుమాలు మళ్ళీ విప్పింది. "పిండైతే మాత్రం?"

సూపు గిన్నెతో ఆమె వంటింట్లోకి వచ్చింది. ఉల్లిపాయలు అంచుల్లో మాడుతున్నాయి. స్టవ్ ఆపింది. ఆపాక కూడా ఆ నాబ్‌ని పట్టుకునే ఉంది. ఇది ఆపడం ఆవిడకి గుర్తుంటుందా? ఎప్పటినుంచి గుర్తుండటం లేదు? ఎన్నిసార్లు మాడు వాసనకి పరుగెత్తుకొచ్చి తనే ఆపి, ఏదో పరాకులే అనుకుంది? వయసు అంతే అని వదిన అంటే, అంతేలెండి అని తనూ అనేసింది. అంతకంటే ఎక్కువని ఒప్పుకుంటే అప్పుడు ఏం చేయాలో చూసుకోవాల్సి వచ్చేది మరి.

చెప్పకపోతే తను హంతకురాలు. అయినా వెళ్ళవచ్చు. అలాంటి మనిషి పోతేనే నయం అని వాళ్ళే దారి ఇస్తారు. చెబితే తన మీద మచ్చ పోతుంది. దానితోపాటు రైలూ పోతుంది. ఇంట్లో స్టవ్ ముందు ఒంటరిగా వదలకూడని మనిషి ఉందంటే పక్కన ఎవరో ఒకరు ఉండాలి. ఆ ఎవరో ఒకరు ఎవరన్నది ఈ ఇంట్లో ఎవరూ అడగరు. ఇంతకు ముందూ అడగలేదు.

ఏ తలుపు తోసినా ఇదే వంటిల్లు.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకి భర్త వచ్చాడు. అతను లిఫ్ట్ మెకానిక్. లిఫ్టుల్లో ఇరుక్కున్నవాళ్ళని బయటికి తీయడం అతని పనిలో సగం. కంగారుపడకండి, తలుపు మీరు లాగకండి, కదలకుండా నిలబడండి, నేను చూసుకుంటాను అని పైనుంచి చెబుతాడట. ఇంట్లో ఏం జరిగినా అతని నోట అవే మాటలు, కాస్త మార్చి. నిన్న కూడా పండగ దాకా నువ్వేం కదపకు, నేను చూసుకుంటా అన్నాడు.

చేతులకి గ్రీజు అలాగే ఉంది. జేబులోంచి బేకరీలో కొన్న ఈస్ట్ పొట్లం తీసి గట్టు మీద పెట్టాడు. ఇది కలిపేద్దాం, అమ్మకి తెలియకుండా అన్నాడు.

"ఏ అమ్మకి?" అంది వదిన, గుమ్మంలో నిలబడి.

ఎవరూ నవ్వలేదు. అతను గ్రీజు చేతుల్ని ప్యాంటుకి తుడుచుకున్నాడు. వదిన లోపలికి వచ్చి తలుపు దగ్గరగా వేసింది. ఆమెతో మాట్లాడేటప్పుడు ఈసారి కూడా గొంతు పెంచలేదు. అది ఇంకా కష్టంగా ఉంది. తనకీ ఇద్దరు పిల్లలున్నారనీ, ఆడది పని కావాలనుకోవడం తప్పని తను ఎప్పుడూ అనలేదనీ చెప్పింది. ఉద్యోగానికి అడ్డం పడేదాన్ని కాదంది. తమ్ముడు పగలు పనికి పోతే అమ్మ ఇంట్లో ఒక్కతే ఉండగలదు, ఒంట్లో బాగానే ఉంది, ఆ మాత్రం దానికి ఎవరి కాళ్ళూ పట్టుకోం అంది.

"నాకు కావలసింది ఒక్కటే. చేశానని నా మొహం మీద చెప్పు. కోపంలో చేశాననో, విసుగులో చేశాననో. చెప్పి నీ దారిన నువ్వు వెళ్ళు. ఎవరూ ఆపరు. చెప్పకుండా మాత్రం ఈ గడప దాటకు."

ఆమె భర్త వైపు చూసింది. అతను జాడీ వైపు చూస్తున్నాడు. తర్వాత చాలా మెల్లగా, పక్కింటివాళ్ళకి వినపడకూడదన్నట్టు, భార్యతో అన్నాడు.

"అనెయ్. ఒక్క మాట. పోయేదేముంది?"

తలుపు నిజంగానే తెరుచుకుంది. ఇంత తేలిగ్గా తెరుచుకుంటుందని ఆమె అనుకోలేదు. చేశాను అంటే చాలు. అవతల రైలు ఉంది, పొడుగాటి బల్ల ఉంది, సుద్దగీత ఉంది. ఇవతల, గోడకి ఆ పక్క, రుమాళ్ళు విప్పి మడుస్తున్న ఒక మనిషి. మధ్యాహ్నాలు ఇంట్లో ఒక్కతే, స్టవ్‌తో, ఉప్పు డబ్బాతో. ఆ మనిషి బాగానే ఉందని కూతురు నమ్ముతోంది. ఆసుపత్రిలో పరాయి తల్లుల మతిమరుపుని గుమ్మం దగ్గరే కనిపెట్టేసే కూతురు.

చేశాను అన్న మాట ఆమె నాలుక మీదికి వచ్చింది కూడా. కానీ అక్కడ ఇంకా ఉప్పు ఉంది. ఎన్నిసార్లు పుక్కిలించినా పోలేదు.

ఆమె అరలోంచి చెంచా తీసింది. జాడీ గుడ్డ పక్కకి తప్పించి, అడుగునుంచి పిండి తీసి, వదిన ముందు పట్టుకుంది.

"ఏంటిది?" వదిన ఒక అడుగు వెనక్కి వేసింది. "అమ్మని నోట్లో పెట్టుకోరు. నీకు తెలీదా?"

"తెలుసు వదినా. ఈ ఒక్కసారికి పెట్టుకోండి."

"ఎందుకు?"

ఆమె చెంచాని అలాగే పట్టుకుంది. చెబితే తను చెప్పినట్టవుతుంది. తను కల్పించినట్టూ అవుతుంది. నోటితో విన్నదాన్ని కాదనవచ్చు. నాలుకకి తగిలినదాన్ని కాదనడం కష్టం. వదిన ఆమె కళ్ళలోకి చూసింది, చెంచాలోకి చూసింది, మళ్ళీ ఆమె కళ్ళలోకి చూసింది. రోజూ ఎందరి నోళ్ళకో చెంచా అందించే మనిషికి తన మొహం ముందు చెంచా ఉంటే ఎలా నిలబడాలో తెలియనట్టుంది. ఆ చూపులో ఏదో సందేహం మొదటిసారి కదిలింది. చూపు దానంతట అదే అమ్మ గది గోడ వైపు వెళ్ళి వచ్చింది.

"ఏంటే ఇది," అన్నాడు భర్త. "అక్కా, వదిలెయ్. ఈస్ట్ ఉందిగా."

అప్పుడే గోడ అవతలినుంచి అత్తగారి గొంతు వినిపించింది. రోజూ ఈ వేళకి వినిపించే గొంతే, ఏ తేడా లేదు.

"అమ్మాయ్, అమ్మకి పెట్టావా?"

వంటింట్లో ముగ్గురూ కదల్లేదు. ఆమె చేతిలో చెంచా కూడా.

"పెడుతున్నానత్తయ్యా," అంది ఆమె గోడ వైపు. ఆ చెంచాని తీసుకెళ్ళి వదిన పెదవులకి ఆనించింది.